మంచు మీద నడక – 4వ పాఠం: కుక్క కూడా వస్తే

స్నోషూ (మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రం) కొలత, పట్టీలు బిగించడం, ఎక్కడం, దిగడం గత మూడు పాఠాల్లో అయిపోయాయి. కలిసి నడిచే మీరిద్దరూ చదును దారిలో గంటసేపు తడబడకుండా నడవగలుగుతుంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి. కుక్క వెంట ఉంటే సగం దృష్టి దాని మీదే ఉంటుంది. మీ కాళ్లు వాటంతట అవి సరిగా పడాలి.

అభ్యాసానికి వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోక్వాల్మీ పాస్ తీసుకుందాం. సియాటిల్, బెల్వ్యూ వైపు ఉండే మనవాళ్లకు ఐ-90 హైవే మీద సుమారు గంట ప్రయాణం. ఎగ్జిట్ 54 దగ్గర గోల్డ్ క్రీక్ స్నో-పార్క్‌లో (చలికాలంలో మంచు తీసి ఉంచే పార్కింగ్ స్థలం) కారు పెట్టి చెరువు వరకు వెళ్లే దారి దాదాపు చదునుగా ఉంటుంది. స్నో-పార్క్ పర్మిట్ ముందే కొనుక్కోండి, లేకపోతే ఫైన్ పడుతుంది. చెరువు దాటి లోయలోకి వెళ్లొద్దు. పై వాలుల నుంచి మంచుచరియలు జారే దారులు అక్కడున్నాయి. చెరువు గడ్డకట్టినట్టు కనిపించినా దాని మీదికి దిగొద్దు, కుక్కనూ దిగనివ్వొద్దు. ఈ కొండల్లో చలి ఒకరోజు బిగుసుకుంటే మర్నాడే వాన పడుతుంది కాబట్టి ఐసు మందాన్ని నమ్మలేం. మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్‌కు మాత్రం కుక్కతో వెళ్లే ఆలోచన మానుకోండి. అక్కడ కాలిబాటల మీదా మంచు మీదా కుక్కల్ని రానివ్వరు. స్కీయింగ్ కోసం యంత్రంతో చదును చేసిన దారుల్లోనూ చాలాచోట్ల కుక్కలకు ప్రవేశం ఉండదు. బోర్డు చదివాకే కారు దిగండి.

ఎంత దూరం వెళ్లాలి, ఎంత వేగంగా నడవాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్న మూడింటినీ కుక్క పాదాలే నిర్ణయిస్తాయి. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం పాదాల గురించే.

పాదాలు

వేళ్ల మధ్య ఉండే వెంట్రుకలకు ఒంటి వేడి తగిలి మంచు కరుగుతుంది. పాదం మళ్లీ మంచులో పడగానే ఆ తడి గడ్డకడుతుంది. దానికి ఇంకొంచెం మంచు అతుక్కుంటుంది. శనగగింజంత మొదలైన ఉండ కాసేపట్లో రేగిపండంత అవుతుంది. అప్పుడు వేళ్లు విడిపోయి, చర్మం లాగి, కుక్క కుంటుతుంది. కుంటడానికి ముందే ఒక గుర్తు కనిపిస్తుంది. నడుస్తూ నడుస్తూ ఆగి పాదాన్ని నోటితో కొరుక్కుంటుంది. అల్లరి అనుకుని లీష్ లాగకండి. వెంటనే ఆగి చూడండి.

కొత్తవాళ్లు ఒక విషయంలో మోసపోతారు. మైనస్ 3 నుంచి ప్లస్ 2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న రోజు మనకు హాయిగా ఉంటుంది. పాదాలకు మాత్రం అదే అన్నిటికన్నా చెడ్డ రోజు, ఎందుకంటే తడి మంచు బాగా అతుక్కుంటుంది. బాగా చలిగా ఉన్న రోజున మంచు పొడిగా ఉండి ఉండలు తక్కువ కడుతుంది. అయితే ఆ చలితో వచ్చే ఇబ్బందులు వేరు. వాటి గురించి కింద చెబుతాం.

ముందురోజు రాత్రి ఇంట్లో, మొన మొద్దుగా ఉన్న కత్తెరతో అరికాలి మెత్తలకు సమానంగా వెంట్రుకలు కత్తిరించండి. వేళ్ల సందుల్లోకి కత్తెర పోనివ్వొద్దు. అక్కడి చర్మం పల్చన, తెగితే తొందరగా మానదు. గోళ్లు మాత్రం రెండు మూడు రోజుల ముందే తీయండి. పొరపాటున లోపలి నరం తగిలితే మానడానికి సమయం ఉంటుంది.

మంచులోకి దిగే ముందు పాదాలకు మైనం పట్టించండి. పెట్ షాపుల్లో ‘పా వ్యాక్స్’ అని అడిగితే ఇస్తారు. మెత్తల మీద పల్చగా, వేళ్ల సందుల్లో కాస్త ఎక్కువగా రాయాలి. తడి మంచులో అది ఎక్కువసేపు నిలవదు కాబట్టి డబ్బా జేబులో ఉంచుకుని, ఆగిన ప్రతిసారీ కొంచెం రాయండి.

పొడవాటి వెంట్రుకల కుక్కకూ, మెత్తలు పగిలిన కుక్కకూ మైనం చాలదు, బూటీలు (కుక్క పాదాలకు తొడిగే చిన్న బూట్లు) కావాలి. కుక్కను కాగితం మీద నిలబెట్టి, ఎదురు కాలు ఎత్తి, బరువు పడిన పాదం చుట్టూ గీత గీసి కొలత తీసుకోండి. బరువు పడితే పాదం విచ్చుకుంటుంది, గాల్లో ఉన్న పాదం కొలత పనికిరాదు. పట్టీ కింద ఒక వేలు దూరాలి. మరీ బిగిస్తే రక్తప్రసరణ ఆగి చలికి పాదం ముందుగా దెబ్బతింటుంది, వదులైతే పైనుంచి మంచు దూరి లోపలే గడ్డకడుతుంది. నాలుగు తొడిగి, రెండు అదనంగా సంచిలో పెట్టుకోండి. మంచులో ఒక్కటైనా ఊడిపోకుండా ఇంటికి చేరడం అరుదు. నడక మొదలుపెట్టిన 10 నిమిషాలకు ఒకసారి నాలుగూ విప్పి చూడండి, ఆ తర్వాత 20–30 నిమిషాలకోసారి చూస్తే చాలు.

ఉండ కనిపిస్తే పీకొద్దు. వెంట్రుకలతో పాటు చర్మమూ వస్తుంది. గ్లవ్ తీసి, ఉండను గుప్పిట్లో అర నిమిషం పట్టుకుంటే వదులవుతుంది, అప్పుడు వేళ్లతో నలిపి రాల్చండి. ఒకరు హార్నెస్ (కుక్క ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) పట్టుకుని చిన్న తినుబండారం పెడుతుంటే ఇంకొకరు పాదాలు చూడాలి. ఒక్కరే రెండూ చేయబోతే కుక్క పెనుగులాడుతుంది, గ్లవ్ మంచులో పడుతుంది, ఆ తర్వాత మీ చెయ్యి కూడా మొద్దుబారుతుంది.

వరస

స్నోషూలతో నడిచేటప్పుడు కుక్క వల్ల మనకూ, మన వల్ల కుక్కకూ ప్రమాదం ఉంటుంది. మీ వెనకే నడిచే కుక్క స్నోషూ వెనక కొస మీద కాలేస్తే మీరు ముందుకు బోర్లా పడతారు. కుక్కను మధ్యలో పెట్టుకుంటే వెనక మనిషి స్నోషూల అడుగున ఉండే లోహపు పళ్లు (క్రాంపాన్) దాని వెనక కాళ్లను చీరతాయి. ఇద్దరి మధ్య కుక్క చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఆ వరస వద్దు.

గట్టిపడిన దారిలో కుక్క ముందు, వెనక మనుషులు. అప్పుడే పడిన మంచులో మనుషులిద్దరూ ముందు, కుక్క చివర. ముందు మనిషి అడుగులు వేస్తాడు. వెనక మనిషి ఆ అడుగుల్లో కాకుండా వాటి మధ్య ఖాళీల్లో అడుగు వేయాలి. అలా తొక్కితేనే కుక్క కూరుకుపోకుండా నడిచేంత గట్టి బాట తయారవుతుంది. 10–15 నిమిషాలకోసారి మీరిద్దరూ స్థానాలు మార్చుకోండి. తొక్కని మంచు కుక్క పొట్టకు తగులుతుంటే అది నడవడం మాని గెంతడం మొదలుపెడుతుంది. గెంతే కుక్క చాలా తొందరగా అలసిపోతుంది. అలాంటి రోజు గట్టి దారి వదలొద్దు.

చివర నడిచే కుక్కకు ‘వెనక్కి’ అనే ఒక్క మాట నేర్పాలి. ఒకరు ‘వెనక్కి’ అని, ఇంకొకరు ‘బ్యాక్’ అంటే కుక్కకు ఏదీ పట్టదు. ఇద్దరూ ఒకే మాట వాడండి. ముందు ఇంటి నడవాలో, స్నోషూలు లేకుండా నేర్పండి. చేతికర్రలు (పోల్స్) రెండూ వెనక్కి వాల్చి, కొసలు నేలకు దగ్గరగా పెట్టి నడవండి. కుక్క వాటిని దాటకుండా ఆగిన ప్రతిసారీ తినుబండారం ఇవ్వండి. తర్వాత పచ్చిక మీద స్నోషూలు వేసుకుని అదే చేయండి. ఆ చప్పుడుకు బెదిరే కుక్కలు చాలా ఉంటాయి. ఆ బెదురు మంచులోకి దిగకముందే తీరిపోవాలి.

లీష్ మామూలు 6 అడుగులది చాలు. దాన్ని మెడపట్టీకి కాకుండా హార్నెస్‌కి తగిలించండి. తనంతట చుట్టుకునే లీష్ తడిసి గడ్డకడితే లోపలే బిగుసుకుపోతుంది. లీష్‌ను మణికట్టుకు చుట్టుకోవద్దు. నడుము బెల్టుకు తగిలించేవాళ్లు, దిగుడు రాగానే విప్పి చేతిలో పట్టుకోండి. ముందున్న కుక్క ఒక్కసారి లాగితే స్నోషూలతో నిలదొక్కుకోవడం కష్టం. లీష్ చిక్కుపడితే వెనక్కి అడుగు వేయొద్దు. స్నోషూ కొస మంచులో గుచ్చుకుని వెల్లకిలా పడతారు. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా ఇక్కడే. ఉన్నచోటే ఆగి, కుక్కను మీ చుట్టూ తిప్పండి.

దేవదారు జాతి చెట్ల మొదళ్ల దగ్గరికి కుక్కను పోనివ్వకండి. కొమ్మల నీడలో మంచు గట్టిపడక, కాండం చుట్టూ గుల్లగా ఉంటుంది. వాసన చూడబోయిన కుక్క అందులో కూరుకుపోతుంది, తీయబోయిన మనిషీ దిగబడతాడు.

నీళ్లు, తిండి, చలి

మంచు తింటుంది కదా అని నీళ్లు మానకండి. మంచు ఒంటి వేడిని తగ్గిస్తుంది, దాహం తీర్చేంత నీరు మాత్రం ఇవ్వదు, కొన్నిసార్లు వాంతులూ అవుతాయి. కుక్కకు మామూలు రోజునే కిలో బరువుకు సుమారు 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. 25 కిలోల కుక్కతో మూడు గంటలు తిరిగొచ్చేందుకు ఒక లీటరు గోరువెచ్చని నీళ్లు ఫ్లాస్కులో పెట్టుకోండి. పాదాలు చూసే ప్రతిసారీ కొంచెం తాగించండి. బయల్దేరే ముందు రెండు గంటల్లోపు కడుపునిండా పెట్టొద్దు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతులకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

మీ తిండి సంచి కూడా చూసుకోండి. మనవాళ్ల డ్రైఫ్రూట్స్ పొట్లంలో కిస్‌మిస్ తప్పకుండా ఉంటుంది, అది కుక్కకు విషం. చాక్లెట్, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉన్న చూయింగ్ గమ్, ఉల్లి వెల్లుల్లి పడిన కారాలు కూడా పెట్టకూడదు. ఆగినచోట కింద పడ్డవి ఏరి సంచిలో వేసుకోండి.

హౌండ్‌లాంటి పొట్టి బొచ్చు కుక్కలకు, మన దేశవాళీ కుక్కలకు ఛాతీ, పొట్ట కప్పే జాకెట్ కావాలి. హస్కీకి వేస్తే నడకలో వేడెక్కి ఇబ్బంది పడుతుంది. వణకడం, పాదాలు మార్చి మార్చి ఎత్తడం, నడవనని కూర్చోవడం కనిపిస్తే అక్కడే వెనక్కి తిరగండి. వణుకుతున్న కుక్క వణకడం మాని మగతగా ఉంటే అది కోలుకోవడం కాదు, పరిస్థితి విషమిస్తోందని. తడి తుడిచి, జాకెట్‌లో చుట్టి, కారులో వేడి పెట్టి వెటర్నరీ ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కారు దగ్గరికి రాగానే ముందు పాదాలు గోరువెచ్చని నీళ్లతో కడగండి. పార్కింగ్‌లో చల్లే ఉప్పు పగిలిన మెత్తలను మండిస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. కారు కింద కారిన తియ్యటి వాసన ద్రవం యాంటీఫ్రీజ్ (ఇంజిన్‌లోని నీళ్లు గడ్డకట్టకుండా పోసేది) కావచ్చు. కొంచెం నాకినా కుక్క కిడ్నీలు పాడవుతాయి.

ఈ వారం అభ్యాసం

నాలుగు రోజులు ఇంటి దగ్గరే. మొదటి రోజు ముందు కాళ్లకు మాత్రమే బూటీలు తొడిగి 5 నిమిషాలు నడిపించండి. నిలబెట్టి చూస్తూ నవ్వకండి, తొడిగిన వెంటనే కదిలించాలి. రెండో రోజు నాలుగు కాళ్లకూ. మూడో రోజు ‘వెనక్కి’, నాలుగో రోజు అదే మాట పచ్చిక మీద స్నోషూలతో. శని ఆదివారాల్లో ఒకరోజు గోల్డ్ క్రీక్‌లో 30 నిమిషాలు వెళ్లి, అదే దారిలో తిరిగి రండి. చెరువు చేరకపోయినా పరవాలేదు. ఆ ఉదయం మంచుచరియల ముప్పును అంచనా వేసే నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సైట్‌లో స్నోక్వాల్మీ పాస్ సూచన చూడండి. ప్రమాద స్థాయి 5లో 3 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ఈ అభ్యాసాన్ని వచ్చే వారానికి మార్చుకోండి.

5వ పాఠం వాలు కోణం కొలవడం గురించి. ఫోన్లో వాలు కొలిచే యాప్ ఒకటి పెట్టుకుని, బల్ల మీద సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకుని రండి.