చూడమని చెప్పడం ఎలా? నాలుగో పాఠం: లింకుకి ముందు నాలుగు మాటలు

పోయిన వారం ఇచ్చిన ఇంటిపని గుర్తుందా? ఒక్కరోజు మీ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చిన వీడియోలన్నీ లెక్కపెట్టమన్నాను. వాటిలో చివరిదాకా చూసినవి ఎన్నో పక్కన రాసుకోమన్నాను. నేనూ చేశాను. మా మార్నింగ్ వాక్ గ్రూపులోకి మంగళవారంనాడు పద్దెనిమిది వచ్చాయి. చూసింది ఒక్కటి. అదైనా మా లెక్కల మాస్టారు పార్కు బెంచీ మీద నా పక్కన కూర్చుని, "ఇదిగో, ఈ పెద్దాయన ఒక చేత్తో మగ్గం నాడె ఆపి, రెండో చేత్తో తెగిన పోగు ఎలా అతుకుతున్నాడో చూడండి" అంటూ ఫోను నా కళ్ళజోడు దగ్గరికి తెచ్చారు కాబట్టి చూశాను.

మిగతా పదిహేడూ బాగాలేక కాదు వదిలేసింది. అవేమిటో తెలియలేదు. నీలం రంగు లింకు, కింద రెండు దండాల బొమ్మలు, "తప్పక చూడండి" అన్న ముక్క. అంతే. తప్పక చూడాల్సినవి రోజుకి పద్దెనిమిది ఉంటే ఇక వంట ఎప్పుడు, మందులు ఎప్పుడు, మధ్యాహ్నం ఓ కునుకు ఎప్పుడు?

మాస్టారు నాకు చూపించింది ఆ నేతగాడి చేతుల్ని. ఆయన పక్కనే కూర్చున్నారు కాబట్టి అది తేలికైంది. మన స్నేహితులు ఒకరు విశాఖలో, ఒకరు కూకట్‌పల్లిలో, ఒకరు కొడుకు దగ్గర డాలస్‌లో ఉంటారు. అందరి పక్కనా కూర్చోలేం. ఆ పని రాతలో ఎలా చెయ్యాలన్నదే ఈ వారం పాఠం.

ముందు నా తప్పు చెబుతాను

కిందటేడు ఆగస్టు 15న నేను గ్రూపులో ఒక పాత డాక్యుమెంటరీ పెట్టాను. పేరు 'ఐ యామ్ ట్వెంటీ'. కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళది, 1967 నాటిది, తీసినాయన ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి. దానికి నేను రాసిన పరిచయం ఇదీ: "అద్భుతం. ప్రతి భారతీయుడూ చూడాలి." జవాబుగా మూడు జెండాలు, రెండు నమస్కారాలు, ఒక గుడ్ మార్నింగ్ వచ్చాయి. సాయంత్రం అడిగితే ఒక్కరూ చూడలేదు. మా బావగారైతే, "ఏదో దేశభక్తి పాట అనుకున్నా. పొద్దుట్నుంచీ అవే కదా" అన్నారు.

రెండు రోజులు మనసు చివుక్కుమంటూనే ఉంది. తర్వాత ఆ మెసేజ్ నేనే తీసి చదువుకున్నాను. అందులో ఆ సినిమా గురించి ఏమీ లేదు. ఉన్నదల్లా నా గురించే. విందు తిని వచ్చినవాడు బ్రేవ్‌మని త్రేన్చి చూపిస్తే ఆకలితో ఉన్నవాడికి ఏం అర్థమవుతుంది? కూరేమిటో చెప్పాలి గాని.

మళ్ళీ రాశాను. ఈసారి గ్రూపులో పెట్టలేదు, బావగారికి ఒక్కరికే పంపాను.

"బావగారూ, 1967లో మీరు డిగ్రీ చదువుతున్నారు కదా. సరిగ్గా ఆ ఏడాది తీసిన సినిమా ఇది. 1947 ఆగస్టు 15న పుట్టినవాళ్ళని, అంటే అప్పటికి ఇరవై నిండినవాళ్ళని వెతికి పట్టుకుని, నీకేం కావాలి, ఈ దేశం గురించి ఏమనుకుంటున్నావు అని అడిగారు. ఓ ఇరవై నిమిషాలు. నలుపు తెలుపు. ఎక్కువగా ఇంగ్లీషే. రైలు పెట్టెలో కూర్చుని మాట్లాడే కుర్రాడొకడు వస్తాడు. వాడు మీకు ఎవరినైనా గుర్తుచేశాడేమో చెప్పండి."

రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. ఆ రైలు కుర్రాడి ఊసు రెండు నిమిషాలు కూడా నడవలేదు. మిగతా ముప్పావుగంటా ఆయన హాస్టల్ మెస్సు, నెల బిల్లు కట్టలేక ఒక పూట మానేసిన భోజనం, అప్పుడు తను ఏమవ్వాలనుకున్నారో, చివరికి ఏమయ్యారో. నలభై ఏళ్ళుగా తెలిసిన మనిషి. ఇందులో సగం నేనెప్పుడూ వినలేదు.

ఆ మెసేజ్‌ని విప్పి చూద్దాం

మొదటి వాక్యం ఎదుటి మనిషి గురించి. మీరు పంపేది ఆయనకే ఎందుకో ఆ ఒక్క వాక్యంలో తెలియాలి. ఇది రాయలేకపోతున్నారంటే బహుశా అది ఆయనకి పంపాల్సింది కాదు. ఇంకెవరికో రాసిపెట్టి ఉంది, వాళ్ళు గుర్తొచ్చేదాకా ఆగండి.

తర్వాత అదేమిటో రెండు ముక్కల్లో. కథ, డాక్యుమెంటరీ, ఉపన్యాసం, కచేరీ, ఏదో ఒకటి. ఎంతసేపు అన్నది దాచకండి. మన వయసువాళ్ళకి నిడివి చాలా ముఖ్యం. పన్నెండు నిమిషాలైతే కాఫీతో అయిపోతుంది, రెండు గంటలైతే ఇంట్లో టీవీ రిమోట్ కోసం రాయబారం నడపాలి. భాష కూడా చెప్పాలి. ఇంగ్లీషు యాస అందక మధ్యలో ఆపేసి, ఆ సంగతి చెప్పుకోలేక "బాగుందండీ" అనేసేవాళ్ళు మనలో బోలెడుమంది. వాళ్ళకి ఇంకో మాట జతచేయండి: యూట్యూబ్‌లో సీసీ అన్న గుర్తు నొక్కితే మాటలు కింద అక్షరాల్లో పడతాయి, సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.75 పెడితే మాట కాస్త నెమ్మదిస్తుంది. చాలా వీడియోల్లో ఆ అక్షరాలని తెలుగులోకి మార్చుకునే వీలూ ఉంది. ఆ తెలుగు ఒక్కోసారి అసలు సినిమా కన్నా ఎక్కువ నవ్విస్తుంది, అది వేరే సంగతి.

ఇక చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: లోపల ఒకచోట వేలు పెట్టి చూపించడం. రైలు పెట్టెలో కుర్రాడు. నేతగాడి చెయ్యి. కథంతా చెప్పకూడదు, ముగింపు అసలే చెప్పకూడదు. కానీ ఒక్క వస్తువో, ఒక్క మొహమో ముందే చెబితే చూసేవాడి కన్ను దాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. పెళ్ళికి వెళ్ళేవాడికి "అక్కడ గుత్తివంకాయ వదలకు" అని చెప్పి పంపినట్టు.

ప్రియదర్శిని పెట్టె

ఒకరు అడిగారు: ఇంత కష్టం ఎందుకండీ, ఫోను తెరిస్తే యూట్యూబే బోలెడు చూపిస్తుంది కదా అని. మంచి ప్రశ్న.

1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె ఉంది కదా. మూత తీస్తే, తీసినవాళ్ళకి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. శశిరేఖ తీస్తే అభిమన్యుడే. మన ఫోను కూడా అచ్చం ఆ పెట్టెలాంటిదే. నిన్న మీరు ఆవకాయ వీడియో చూస్తే ఇవాళ మాగాయ, రేపు ఉసిరికాయ. మోకాళ్ళ నొప్పుల వ్యాయామం ఒకటి చూశారా, వారం తిరిగేలోగా మీ ఫోను ఎముకల ఆసుపత్రి అయిపోతుంది. మీకు ప్రియమైందని ఆ పెట్టె అనుకున్నదే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. మీరు ఎన్నడూ వెతకని దాన్ని, "మీకు నచ్చుతుందో లేదో గాని ఒకసారి చూడండి" అని తెచ్చి ఇచ్చేది స్నేహితులే. మా బావగారి ఫోను ఆయనకి వెయ్యేళ్ళకైనా 'ఐ యామ్ ట్వెంటీ' చూపించేది కాదు. ఆయన చూసేవి క్రికెట్టూ, ప్రవచనాలూ.

ఇష్టం లేని విషయానికి దారి వెయ్యడం

ఇది కాస్త కష్టమైన భాగం. మా వదినకి సైన్సు అంటే పడదు. "పదో తరగతిలోనే దణ్ణం పెట్టేశాను" అంటుంది. నాకేమో 'పవర్స్ ఆఫ్ టెన్' ఆవిడకి చూపించాలని. 1977లో అమెరికాలో చార్లెస్, రే ఈమ్స్ అనే దంపతులు తీసిన తొమ్మిది నిమిషాల సినిమా. షికాగోలో చెరువుగట్టున పిక్నిక్‌కి వచ్చిన ఒక జంటతో మొదలవుతుంది. కెమెరా పైకి లేస్తుంది. పది సెకన్లకోసారి పదిరెట్లు దూరం. ఊరు, భూమి, సూర్యుడు, పాలపుంత, అలా పది కోట్ల కాంతి సంవత్సరాల దాకా వెళ్ళి, అదే దారిన వెనక్కి వచ్చి, నిద్రపోతున్న ఆ మనిషి చేతి చర్మంలోంచి లోపలికి దిగి పరమాణువు కేంద్రకం దాకా పోతుంది.

ఇలా రాసి పంపితే వదిన లింకు ముట్టదు. కాంతి సంవత్సరం అన్న మాట దగ్గరే ఫోను పక్కన పెట్టేస్తుంది.

అప్పుడు నాకు చెంబు గుర్తొచ్చింది. ఈ ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశమంతా చూసి ఒక నివేదిక రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి మూలం అదే. ఆ నివేదికలో వాళ్ళు, ఇండియాలో చూసిన వస్తువులన్నిటిలోకీ బహుశా గొప్పదీ అందమైందీ ఇదేనంటూ మన చెంబుని మెచ్చుకున్నారు. వదిన దగ్గర వాళ్ళ అమ్మమ్మ ఇత్తడి చెంబు ఉంది. చింతపండు పెట్టి తోమి పూజగదిలో పెడుతుంది.

"వదినా, మీ అమ్మమ్మ చెంబు లాంటిదాన్నే చూసి మురిసిపోయిన అమెరికా మొగుడూ పెళ్ళాల సినిమా ఇది. తొమ్మిదే నిమిషాలు. మాటలు అర్థం కాకపోయినా పర్వాలేదు, సౌండ్ తగ్గించి చూసినా చాలు. మధ్యలో ఒకచోట చుట్టూ ఏమీ లేని చీకటి వస్తుంది. అక్కడ నీకేమనిపించిందో చెప్పు."

మర్నాడు జవాబు: "కళ్ళు తిరిగాయి. మళ్ళీ చూశా." సైన్సు అని నేనూ అనలేదు, తనూ అనలేదు.

నిమిషం చెప్పండి

గంటన్నర కచేరీ పంపి ఊరుకుంటే ఎవరూ చూడరు. వీడియో నడుస్తుండగా తెర మీద ఒకసారి తాకండి. కింద 47:20 అనో మరొకటో అంకెలు కనిపిస్తాయి. మీకు నచ్చినచోట ఆపి, ఆ అంకె కాగితం మీద రాసుకుని మెసేజ్‌లో పెట్టండి: "47:20 దగ్గర తని ఆవర్తనం మొదలు." (తని అంటే కచేరీలో మృదంగంలాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం. అది మొదలవగానే కాఫీకి లేచేవాళ్ళకీ ఈ అంకె పనికొస్తుంది.) కంప్యూటర్‌లో చూసేవాళ్ళకి ఇంకా తేలిక. షేర్ నొక్కితే వచ్చే చిన్న పెట్టెలో 'స్టార్ట్ ఎట్' అని ఉంటుంది, అక్కడ టిక్ పెట్టి లింకు కాపీ చేస్తే అవతలివాళ్ళకి సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది.

రెండు బాణాలు

మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది వాట్సాప్. నా పద్ధతి ఇంకా కటువు: బాణాలున్నది నేను ఎవరికీ పంపను. నిజంగా బాగుంటే అసలు వీడియో ఏ ఛానల్లో ఉందో వెతికి, ముందూ వెనకా చూసి, ఆ లింకే పంపుతాను. సగంసార్లు ముందూ వెనకా చూశాక పంపాలనిపించదు.

ఆలోచింపజేసేదానికీ బీపీ పెంచేదానికీ తేడా ఎలా తెలుస్తుందని అడుగుతుంటారు. చూడటం అయ్యాక మీకు ఎవరినైనా ఒక ప్రశ్న అడగాలనిపిస్తోందా, ఎవరినైనా తిట్టాలనిపిస్తోందా? తిట్టాలనిపిస్తే ఒక రాత్రి ఆగండి.

పంపాక "చూశారా?" అని అడగొద్దు. అది అప్పు వసూలులా ఉంటుంది. వారం ఆగి, ఎప్పుడో మాటల్లో, "ఆ రైలు కుర్రాడు ఇప్పుడు ఎక్కడుంటాడంటారు?" అనండి. చూసినవాళ్ళు అందుకుంటారు. చూడనివాళ్ళు ఆ రాత్రి చూస్తారు.

ఈ వారం ఇంటిపని

మీరు ఇదివరకే చూసిన ఒక్కదాన్ని తీసుకోండి. ఒక్క మనిషిని ఎంచుకోండి. ఐదు వరుసలు మించకుండా రాయండి. 'అద్భుతం', 'తప్పక', 'కన్నీళ్ళు ఆగవు' అన్న మాటలు వాడకూడదు. రాశాక ఒకసారి పైకి చదువుకోండి. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే మీరు అలాగే అంటారా? అనని మాట ఉంటే కొట్టేయండి. పొద్దున్న ఆరింటికి మాత్రం పంపకండి, గుడ్ మార్నింగ్‌ల గుట్ట కింద పడి నలిగిపోతుంది.

వచ్చే పాఠం: స్నేహితులు ప్రేమగా పంపింది మనకి నచ్చకపోతే ఎలా చెప్పాలి. ఆ పాఠం నాకూ అవసరం. బావగారు పోయిన ఆదివారం రెండు గంటల నలభై నిమిషాల సినిమా పంపారు, పైన నాలుగు చక్కటి వాక్యాలు రాసి, నేను నేర్పినట్టే. ముప్ఫై ఒకటో నిమిషం దగ్గర ఆగిపోయి ఆరు రోజులైంది. రేపు బెంచీ దగ్గర కనిపిస్తారు.