పార్కు టూరు, పొదుపు లెక్క - మూడో పాఠం: మనకు సెలవు, వాళ్లకు బడి

పోయిన పాఠంలో ఒక కాగితం మీద ఐదు గళ్లు గీసుకున్నాం: ప్రయాణం, టికెట్లు, తిండి, రాత్రి బస, లోపలి చిల్లర ఖర్చు. నాలుగింటిలో ఏదో ఒక అంకె వేశాం. టికెట్ల గడిలో మాత్రం ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాం. ఈ పాఠం ఆ ఒక్క గడి గురించే. మిగతావి మధ్యలో తగిలితే తగలనివ్వండి.

టికెట్ ఖర్చు తగ్గించాలి అనగానే చాలామంది ముందు చేసే పని కూపన్ వెతకడం. దాంతో మిగిలేది తక్కువ. పెద్ద తగ్గింపు క్యాలెండర్లోనే ఉంటుంది. వండర్‌లా లాంటి రైడ్ల పార్కుల్లో మామూలు పనిదినాలకు ఒక రేటు, శని ఆదివారాలకు, పండగలకు, ఎండాకాలం సెలవులకు ఇంకో రేటు. రేటు ఎక్కువున్న రోజే రద్దీ కూడా ఎక్కువ. అంటే ఎక్కువ డబ్బు కట్టి తక్కువ రైడ్లు ఎక్కుతాం.

మరి పనిదినం రోజు పోదామంటే పిల్లలకు బడి ఉంటుంది కదా? అందరూ ఆగిపోయేది ఇక్కడే. కానీ కర్నూలు, అనంతపురం వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మన సెలవులు ఇచ్చేది ఒక ప్రభుత్వం, మనం పోయే పార్కు ఉండేది ఇంకో ప్రభుత్వం కింద. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 215 కిలోమీటర్లు, అనంతపురం నుంచి బెంగళూరు కూడా దాదాపు అంతే, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే. ఆ పార్కులకు వచ్చే జనంలో ఎక్కువమంది ఆ నగరాల వాళ్లే. వాళ్ల పిల్లలు బడిలో ఉండి, మన పిల్లలు ఇంట్లో ఉన్న రోజు దొరికితే అదే మన రోజు.

అనంతపురం వాళ్లకు ఇది తేలిక. కర్ణాటకలో బడులు మే నెల చివర్లోనో జూన్ మొదట్లోనో తెరుస్తారు. మన దగ్గర మామూలుగా జూన్ 12. మధ్యలో పది రోజుల పైన ఖాళీ దొరుకుతుంది. అందులో సోమవారం నుంచి గురువారం దాకా ఏ రోజైనా బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్‌లా మే నెలలో కంటే పలచగా ఉంటుంది. సంక్రాంతి ఇంకా మేలు. వాళ్లకు సంక్రాంతి ఒకటి రెండు రోజుల పండగ, మనకు వారం పైన సెలవులు. కనుమ దాటాక వచ్చే పనిదినం చూసుకోండి. కడప వాళ్లు రాయచోటి, మదనపల్లె మీదుగా బెంగళూరు పోయేవాళ్లయితే వాళ్లకూ ఇదే లెక్క.

కర్నూలు వాళ్లకు కొంచెం వెతుకులాట తప్పదు. తెలంగాణలో కూడా వేసవి సెలవులు ఇంచుమించు మనతో పాటే అయిపోతాయి కాబట్టి జూన్ కిటుకు హైదరాబాదుకు పనికిరాదు. సంక్రాంతికి మాత్రం చాలా ఏళ్లు మన సెలవులు వాళ్లకంటే ఒకటి రెండు రోజులు ఎక్కువే ఉంటున్నాయి. రెండు రాష్ట్రాల సెలవుల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని, వాళ్ల బడి తెరిచిన రోజు, మన బడి ఇంకా తెరవని రోజు ఎక్కడుందో చూడండి. దసరాకు ఇది తిరగబడుతుంది. బతుకమ్మ ఉండటంతో అక్కడ సెలవులు పొడుగు. దసరాకు పార్కు అనే మాట కర్నూలు ఇళ్లలో ఎత్తకపోవడమే మంచిది. రెండో శనివారం కూడా అంతే. మనకు సెలవు, నగరానికీ సెలవే.

ఒకరోజు బడి మాన్పించి తీసుకుపోతే తప్పా అని అడిగేవాళ్లు ఉన్నారు. మూడో తరగతి పిల్లకు నేను తప్పనను. పదో తరగతి వాడికి అంటాను. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి ఆ ఇంటి టెన్షన్, నాకెందుకు.

ఇలా వెతికి పట్టుకున్న రోజుల్లో రెండు చిక్కులు ఉంటాయి. జనవరిలో నీళ్ల రైడ్లు చల్లగా ఉంటాయి, చిన్నపిల్లలు అరగంటకే వణుకుతూ బయటికి వస్తారు. జూన్ మొదట్లో బెంగళూరు వైపు సాయంత్రం వానలు పడతాయి. ఉరుములు మెరుపులు వస్తే ఎత్తు రైడ్లు ఆపేస్తారు. కాబట్టి జూన్‌లో పోతే పెద్ద రైడ్లు పొద్దున్నే ఎక్కేయాలి, జనవరిలో పోతే నీళ్ల రైడ్లు మధ్యాహ్నం ఎండలో పెట్టుకోవాలి. జనం తక్కువగా ఉండే రోజుల్లోనే కొన్ని రైడ్లు రిపేరుకు ఆపుతుంటారు కూడా. పోయే ముందురోజు ఫోన్ చేసి ఏవి మూసి ఉన్నాయో అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇక లెక్క. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి, అసలు రేట్లు మీరు పోయే రోజుకు పార్కు సొంత సైట్లో చూసి రాసుకోవాలి. కర్నూలులో ఒక ఇల్లు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, అవ్వ. పెద్దవాళ్ల టికెట్ పనిదినం 1,000, పిల్లల టికెట్ 800, అవ్వకు సీనియర్ల తగ్గింపు పోను 750 అనుకుందాం. పిల్లల్లో చిన్నదాని ఎత్తు 132 సెంటీమీటర్లు, పెద్దవాడు 141. వాడికి పెద్దవాళ్ల టికెట్టే పడుతుంది, ఎందుకో తర్వాత చెబుతాను. మొత్తం 4,550. ఆదివారం రేటు ఇరవై శాతం ఎక్కువ అనుకుంటే 5,460. తేడా 910.

తొమ్మిది వందలే కదా అనిపిస్తుంది. ఇప్పుడు రెండో వరస రాయండి: ఆ రోజు ఎన్ని రైడ్లు ఎక్కగలం? రద్దీ రోజు ఒక్కో క్యూలో ముప్పావు గంట నిలబడితే ఆరు రైడ్లు అయ్యేసరికి సాయంత్రం. ఖాళీ రోజు పన్నెండు ఎక్కవచ్చు. ఆదివారం 1,200 పెట్టిన మనిషికి రైడుకు 200 పడింది. పనిదినం 1,000 పెట్టిన మనిషికి 83. చూడాల్సింది ఈ తేడా. పైగా ఆదివారం మూడో క్యూలో పిల్లలు గోల పెట్టేసరికి నాన్న పోయి క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ గురించి అడుగుతాడు. దాని ధర మామూలు టికెట్ కంటే చాలా ఎక్కువ. అక్కడితో ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఖాళీ రోజు పోయినవాళ్లకు ఆ ఆలోచనే రాదు.

రెండు పార్కుల రేట్లు పోల్చేటప్పుడు జీఎస్‌టీ కలిపి చెప్పారా, విడిగానా అన్నది చూసుకోండి. 2018 జనవరి నుంచి ఇలాంటి పార్కుల టికెట్ల మీద 18 శాతం, అంతకుముందు 28 ఉండేది. ఒకచోట కలిపి, ఒకచోట కలపకుండా చూసి ఇది చవక అనుకుంటే చేతి చమురు వదులుతుంది.

పెద్దవాడి టికెట్ సంగతికి వద్దాం. బస్సులో, రైల్లో పిల్లల టికెట్ వయసును బట్టి. ఆర్టీసీలో 5 నుంచి 12 ఏళ్ల దాకా అరటికెట్. రైల్లో కూడా అదే వయసు, కానీ బెర్తు కావాలంటే పిల్లలకూ పూర్తి చార్జీయే. పార్కులో వయసుతో పని లేదు, ఎత్తును చూస్తారు. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆ పైన పెద్దవాళ్ల టికెట్. కాబట్టి పదకొండేళ్లకే బారెడు ఎదిగిన పిల్లవాడు పొద్దున బస్సులో అర, పదకొండు గంటలకు గేటు దగ్గర ఫుల్లు. "ఏమండీ, ఆధార్ చూపిస్తే సరిపోదా?" అని ఇంటావిడ అడుగుతుంది. సరిపోదు. ఆధార్ బస్సులో చెల్లుతుంది, గేటు దగ్గర కొలత కర్రదే మాట.

అందుకే ఇంట్లోనే కొలవండి. దర్జీ టేపు చాలు, ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు 150 దాకా ఉంటాయి. బిడ్డ చెప్పులు విప్పి, మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడాలి. చూపు నేరుగా ఉండాలి, గడ్డం పైకెత్తకూడదు. తల మీద అట్ట ఉన్న పుస్తకం ఒకటి గోడకు అడ్డంగా ఆనించి నొక్కి పట్టండి, అంచు కింద పెన్సిల్ గీత గీయండి. జడ నడినెత్తిన ముడివేసి ఉంటే విప్పాలి, లేకపోతే పుస్తకం దాని మీద కూర్చుంటుంది. టేపు నేల నుంచి గీత దాకా పెట్టి చదవండి. పొద్దున నిద్రలేవగానే కొలిస్తే సాయంత్రం కంటే ఇంచుమించు ఒక సెంటీమీటరు ఎక్కువ చూపిస్తుంది. గేటు దగ్గరికి పదిన్నర పదకొండుకు చేరతాం కాబట్టి ఆ వేళకే కొలవండి.

ఈ కొలతతో ఇంకో పని ఉంది. బడి వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఇప్పుడు 136 ఉన్న పిల్ల వచ్చే ఏడాది ఇదే రోజుకు గీత దాటేస్తుంది. అలాంటి పిల్ల ఉన్న ఇంటికి ఈ సంవత్సరమే పోవడం లాభం అనిపిస్తుంది, కానీ తొందరపడొద్దు. పెద్ద రైడ్లకు కూడా ఎత్తు హద్దులు ఉంటాయి. 136 దగ్గర డబ్బు కొంచెం మిగులుతుంది, కానీ అన్నయ్య ఎక్కే రైడు దగ్గర కింద నిలబడి ఏడుస్తుంది. ఆ పిల్లను అడగండి, ఈ ఏడాది పిల్లల రైడ్లు కావాలా, వచ్చే ఏడాది పెద్దవి కావాలా అని. నా మాటకొస్తే వచ్చే ఏడాదికే ఓటు. ఎనభై సెంటీమీటర్ల చంటివాడున్న ఇంటికి ఈ ఆలోచన అక్కర్లేదు. వాడికి టికెట్ లేదు, తల్లికి రైడ్లు లేవు.

అవ్వ సంగతి. ఏ రైడూ ఎక్కకుండా నీడలో కూర్చునే మనిషికి కూడా టికెట్ తప్పదు. తీసుకుపోవద్దని నేను అనను, కానీ ముందు ఆమెను అడగండి. "ఆ గిరగిర తిరిగేవాటి కింద నేనేం చేస్తాను నాయనా, నన్ను అలంపురంలో దింపండి, జోగులాంబ దర్శనం చేసుకుంటాను" అంటుందేమో. అలంపురం కర్నూలు దాటగానే, హైవేకు దగ్గర్లోనే ఉంది. తోడుగా ఎవరైనా చుట్టం ఉంటే ఆమె రోజు ఆమెది, మీ కాగితం మీద 750 మిగులు. వస్తానంటే మాత్రం సంతోషంగా టికెట్ కొనండి. ఆమె దగ్గర బ్యాగులు పెట్టి లాకరు అద్దె మిగిల్చాం అని లెక్కలు వేసేవాళ్లను చూశాను, ముసలామెను కాపలా కూర్చోబెట్టడానికి టూరెందుకు?

టికెట్ ఎక్కడ కొనాలి అన్నది చిన్న మాట. పార్కు సొంత సైట్లోనే కొనండి. ముందుగా కొంటే తగ్గింపు ఉందేమో, తేదీ మార్చుకోవచ్చా, రద్దు చేస్తే ఎంత పోతుంది అన్నవి డబ్బు కట్టక ముందే చదవండి. కాలేజీ పిల్లలుంటే ఐడీ కార్డు మీద తగ్గింపు ఉంటుందేమో అడగండి, ఒరిజినల్ కార్డు వెంట ఉండాలి. వాట్సాప్‌లో వచ్చే "ఉచిత పాసులు" లింకు నొక్కవద్దు. నొక్కి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ప్రయాణం గురించి రెండో పాఠంలో చెప్పాను కాబట్టి తేదీతో ముడిపడినవే చెబుతాను. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉంది కదా, హైదరాబాదుకు కూడా అలాగే పోవచ్చా అంటే కుదరదు. రాష్ట్రం దాటే సర్వీసులకు అది వర్తించదు. తెలంగాణ, కర్ణాటకల్లో ఉన్న ఉచితం అక్కడి ఆడవాళ్లకే. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. సంక్రాంతి తర్వాతి రోజు పట్టుకున్నవాళ్లు నవంబరు మధ్యలోనే మేలుకోవాలి, ఎందుకంటే పండగకు వచ్చినవాళ్లంతా అదే రోజుల్లో తిరిగి నగరానికి పోతుంటారు. పార్కు ఖాళీగా ఉంటుంది, రైలు మాత్రం ఖాళీగా ఉండదు.

సొంత కారున్న కర్నూలు వాళ్లకు ఒక్క మాట. వండర్‌లా రావిర్యాలలో, ఔటర్ రింగు రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర ఉంది. శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కి తుక్కుగూడ దాటితే చాలు, నగరంలోకి పోనే అక్కర్లేదు. తెల్లవారుజామున ఆరింటికి బయల్దేరితే గేటు తెరిచే వేళకు అక్కడ ఉంటారు, రాత్రి బస గడిలో సున్నా వేసుకోవచ్చు. దారిలో పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లు జాతీయ రహదారివి, ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉన్నవాళ్లకు అక్కడ అది చెల్లుతుంది. ఔటర్ టోలు వేరే, దానికి ఆ పాస్ పనిచేయదు. పసుపు నంబరు ప్లేటు బండి అద్దెకు తీసుకుంటే తెలంగాణ పర్మిట్ డబ్బులు ఎవరు కట్టాలో బేరంలోనే తేల్చుకోండి, పుల్లూరు దగ్గర ఆపి మాట్లాడుకోవడం కాదు.

వచ్చే పాఠానికి ముందు ఇవి చేసి ఉంచండి. పిల్లల ఎత్తులు కొలిచి గోడ మీద తేదీతో సహా గీయండి. మన రాష్ట్రం బడి సెలవులు, మీరు పోయే రాష్ట్రం బడి సెలవులు ఒకే కాగితం మీద రెండు వరసలుగా రాసి, మనకు సెలవు, వాళ్లకు బడి ఉన్న పనిదినాలకు సున్నా చుట్టండి. అలాంటివి రెండు మూడు దొరికితే ఆ రోజుల టికెట్ రేటు, వచ్చే ఆదివారం రేటు పక్కపక్కన రాయండి. ఒక్కటీ దొరకకపోతే, పిల్లలకు పరీక్షలు అయిపోయిన మర్నాడు మంగళవారమో బుధవారమో అవుతుందేమో చూడండి.

నాలుగో పాఠం తిండి గడి. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి చిత్రాన్నం, పెరుగన్నం ఎక్కడ, ఎన్ని గంటలకు తినాలో అందులో చూద్దాం. నీళ్ల రైడ్లకు నైలాన్ బట్టలు అడుగుతారు, నూలు బట్టలతో దిగనివ్వరు. గేటు లోపల కొనే పని పడకుండా అవి ఈ వారమే కర్నూలులో కొనేయండి.