ఇంగ్లీషు తిట్టు బరువు తూచడం ఎలా?

సబ్‌టైటిల్స్‌ని తెలుగులోకి మార్చడం నా పని. మామూలు మాటలు చకచకా నడిచిపోతాయి. తిట్టు తగిలిందా, వీడియో ఆపాల్సిందే. అర్థం తెలియక కాదు, బరువు తేలక.

రాస్కెల్ సంగతే చూడండి. మన దగ్గర ఆ మాట కోపంగా అంటే గొడవ చొక్కా పట్టుకునేదాకా వెళ్తుంది. ఇప్పటి ఇంగ్లీషులో అది ఎక్కువగా అల్లరి పిల్లల్ని ముద్దుగా అనే మాట. ‘యూ లిటిల్ రాస్కెల్’ అని తాత మనవణ్ణి అంటే నేను ‘ఓరి భడవా’ అని రాస్తాను. ఫెలో కూడా ఇంతే. వాళ్ళకి కాస్త పాతబడిన మామూలు మాట. మనం ‘ఆ ఫెలో’ అన్నామంటే అందులో చిన్నచూపు ఉన్నట్టే. బాస్టర్డ్‌ది ఇంకో తీరు. ఎదుటివాడి మొహం మీద అంటే ఎక్కడైనా బూతే. కానీ ‘పూర్ బాస్టర్డ్’ అంటే ‘పాపం, వెధవ’ అని జాలిపడటం. ఆస్ట్రేలియాలో స్నేహితులు ఒకళ్ళనొకళ్ళు సరదాగా కూడా అనుకుంటారు. మీరు మాత్రం దాని జోలికి పోకండి, వింటే అర్థమైతే చాలు.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం వేసే నిఘంటువుల్లో అర్థానికి ముందు చిన్న అక్షరాల్లో ఒక గుర్తు ఉంటుంది: ఇన్‌ఫార్మల్, ఓల్డ్-ఫ్యాషన్డ్, అఫెన్సివ్ (ఎదుటివాణ్ణి నొప్పించేది), టాబూ (నలుగురిలో అనకూడనిది). ముందు అది చదవండి. చివరి రెండింట్లో ఏది కనబడినా ఆ మాట మీ నోట రాకూడదు.

తర్వాత, మాట మనిషి మీద పడుతోందా, పని మీద పడుతోందా చూడండి. ‘యూ ఆర్ స్టుపిడ్’ అంటే నీకు బుర్ర లేదని తేల్చేయడం. ‘దట్ వాజ్ ఎ స్టుపిడ్ మిస్టేక్’ అంటే తప్పు తెలివితక్కువది, మనిషి కాదు. ఈ తేడా చూపించడానికి ఇంగ్లీషులో ‘బీయింగ్’ అనే చిన్న ముక్క ఉంది. ‘యూ ఆర్ రూడ్’ అంటే నువ్వు మనిషివే మోటు. ‘యూ ఆర్ బీయింగ్ రూడ్’ అంటే ఇప్పుడు మోటుగా ప్రవర్తిస్తున్నావు, మానుకో అని. ఆఫీసులో ఎవరికైనా అభ్యంతరం చెప్పాల్సి వస్తే రెండోదే నయం. స్టుపిడ్ బదులు సిల్లీ అంటే ఇంకా మెత్తగా ఉంటుంది.

ఇడియట్, ఇంబెసైల్, మోరాన్ మూడూ ఒకప్పుడు బుద్ధిమాంద్యం స్థాయిలకి నిపుణులు పెట్టిన పేర్లు. మోరాన్‌ని 1910లో హెన్రీ గోడార్డ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త గ్రీకు మాట నుంచి తయారుచేశాడు. జనం నోట్లో పడి మూడూ తిట్లయిపోయాయి. వాటి స్థానంలోకి వచ్చిన రిటార్డెడ్‌కీ అదే గతి పట్టింది, 2010లో అమెరికా చట్టం చేసి మరీ దాన్ని పలు కేంద్ర చట్టాల భాషలోంచి తీసేసింది. ఇప్పుడు ఇడియట్ స్నేహితుల మధ్య చెల్లుతుంది. రిటార్డ్ అనే మాట మాత్రం వేళాకోళానికైనా అనకండి. నిజంగా ఆ ఇబ్బందితో బతికేవాళ్ళని అవమానించినట్టు.

దేశం మారితే అర్థమే మారేవి కొన్ని ఉన్నాయి. ‘హీ ఈజ్ పిస్డ్’ అంటే బ్రిటన్‌లో తాగి ఉన్నాడని, అమెరికాలో ఒళ్ళు మండి ఉన్నాడని.

ఇక నన్ను అన్నిటికన్నా సతాయించేవి మర్యాద ముసుగులో వచ్చేవి. ‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ అని మొదలైందంటే మీ మాట కొట్టిపారేయబోతున్నారని లెక్క. ‘డోంట్ గెట్ స్మార్ట్ విత్ మీ’లో స్మార్ట్ పొగడ్త కాదు, ‘నా దగ్గరా నీ తెలివితేటలు?’ అని. ఇలాంటిది ఎదురై అటో ఇటో తేల్చుకోలేకపోతే నవ్వేసి ఊరుకోకండి. ‘వాట్ డూ యూ మీన్ బై దట్?’ అని గొంతు పెంచకుండా అడగండి. సరదాగా అన్నవాడు వెంటనే సర్దిచెప్తాడు, కావాలని అన్నవాడు నీళ్ళు నములుతాడు.