స్త్రీవాద తత్త్వవేత్త పరిశోధననూ, దాని ప్రభావాన్నీ అంచనా వేయడం ఎలా?

ఒక స్త్రీవాద తత్త్వవేత్త ఎంత పరిశోధన చేశారో, దాని ప్రభావం ఎంతవరకు వ్యాపించిందో తేల్చవలసి వచ్చినప్పుడు చాలామంది పరిశోధన రచనలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ తెరిచి, అక్కడ కనిపించిన ఉల్లేఖనల సంఖ్య, అంటే ఇతరులు తమ రచనల్లో ఆమె రచనలను ఎన్నిసార్లు పేర్కొన్నారన్న లెక్క, రాసుకుని ఆగిపోతారు. ఆ సంఖ్య తప్పు కాదు గాని, ఈ రంగంలో అది చెప్పేది బహు స్వల్పం. ఆమె ప్రతిపాదించిన భావన ఎవరి చేతికి చేరింది, అక్కడ ఏ పనికి వచ్చింది అన్నదే అసలు వెతకవలసిన విషయం.

ముందుగా రచనల జాబితా పూర్తిగా తయారు చేసుకోవాలి. తత్త్వశాస్త్రంలో పత్రికా వ్యాసాలకు ఎంత విలువ ఉందో, గ్రంథాలకూ, ఇతరులు సంపాదకత్వం వహించిన సంకలనాల్లోని అధ్యాయాలకూ అంతే విలువ ఉంది. ఉల్లేఖనలను నమోదు చేసే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి సూచికలు ప్రధానంగా పత్రికల మీద ఆధారపడినవి కాబట్టి, వాటిలో అధ్యాయాలు తరచుగా జారిపోతాయి. అందుకే పరిశోధకురాలి స్వీయ రచనల పట్టికనూ, తత్త్వశాస్త్ర రచనల ఆన్‌లైన్ జాబితా అయిన ఫిల్‌పేపర్స్‌నూ, గ్రంథాలయ కేటలాగునూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. తత్త్వశాస్త్ర పత్రికలకే పరిమితమైతే మరో లోటు ఏర్పడుతుంది. ఈ రంగానికి ప్రధాన వేదికైన ‘హైపేషియా’ స్వతంత్ర పత్రికగా వెలువడడం మొదలైంది 1986లోనే. 1975లో ఆరంభమైన ‘సైన్స్’ (Signs) వంటి స్త్రీ అధ్యయన పత్రికలను కూడా గాలించకపోతే తొలితరం రచనలు కొన్ని చేతికి రావు.

ఇక హెచ్-సూచిక సంగతి. భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలత ప్రకారం, ఎన్ని రచనలకు కనీసం అన్నేసి ఉల్లేఖనలు వచ్చాయో ఆ అంకే సూచిక. ఒకరి ఐదు రచనలకు 400, 60, 9, 4, 2 చొప్పున ఉల్లేఖనలు వచ్చాయనుకుంటే సూచిక 4 అవుతుంది. మరొకరి నాలుగు రచనలకు 5, 5, 4, 4 వచ్చినా సూచిక 4 అనే తేలుతుంది. ఒకే గ్రంథంతో ఒక చర్చ దిశను మార్చినవారినీ, నాలుగు చిన్న వ్యాసాలు రాసినవారినీ ఒకే గాటన కట్టే ఈ కొలతను, గ్రంథాలే ప్రాణమైన రంగంలో ప్రధాన ఆధారంగా తీసుకోవడం అన్యాయమని నా దృఢాభిప్రాయం.

సంఖ్యను పక్కన పెట్టి, ఉల్లేఖించిన రచనలను తెరవాలి. ఓ ముప్పై రచనలు తీసుకుని, ప్రతి దానిలోనూ ఆ పేరు వచ్చిన పేరా చదివితే, కేవలం పేర్ల వరుసలో చేర్చినవారెవరో, భావనను సాధనంగా వాడుకున్నవారెవరో, దానితో వాదించినవారెవరో తెలిసిపోతుంది. ఉదాహరణకు తత్త్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన ‘ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్’ (జ్ఞానపరమైన అన్యాయం) గ్రంథాన్ని చూడండి. వక్త పట్ల ఉన్న దురభిప్రాయం వల్ల ఆ వ్యక్తి మాటకు దక్కవలసిన నమ్మకం దక్కకపోవడం ఒక అన్యాయమనీ, తన అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన భావనలే సమాజంలో లేకపోవడం మరొక అన్యాయమనీ ఆమె విడదీసి చూపారు. లైంగిక వేధింపు అన్న పేరు పుట్టకముందు దాన్ని అనుభవించిన స్త్రీల స్థితి రెండోదానికి ఆమె ఇచ్చిన ఉదాహరణ. 2014లో హావి కారెల్, ఇయన్ జేమ్స్ కిడ్ ఈ భావనను వైద్యరంగానికి అన్వయించి, రోగుల మాటను తేలికగా తీసుకోవడాన్ని విశ్లేషించారు. ప్రభావం అంటే ఇలా సరిహద్దు దాటడం.

విమర్శను కూడా ప్రభావంగానే లెక్కించాలి. అణచివేతకు గురైనవారి దగ్గర తమ అనుభవాన్ని చెప్పే భావనలు ఉన్నప్పటికీ, ఇతరులు వాటిని స్వీకరించడానికి నిరాకరించే సందర్భం ఫ్రికర్ వర్గీకరణలో ఇమడదని తత్త్వవేత్త క్రిస్టీ డాట్సన్ 2012లో చూపించారు. ఆ అభ్యంతరం తర్వాతి చర్చను పదునెక్కించింది.

అనువాదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ ద బోవార్ 1949లో ఫ్రెంచిలో ప్రచురించిన ‘ద సెకండ్ సెక్స్’ను 1953లో ఇంగ్లీషులోకి తెచ్చినది జంతుశాస్త్రవేత్త హెచ్. ఎం. పార్ష్‌లీ. అందులో మూలంలోని భాగాలు గణనీయంగా కోతకు గురయ్యాయనీ, తాత్త్విక పరిభాష మసకబారిందనీ తత్త్వవేత్త మార్గరెట్ సైమన్స్ 1983లో బయటపెట్టారు. సంపూర్ణ ఇంగ్లీషు అనువాదం 2009లో గాని రాలేదు. కనుక ఆ మధ్యకాలపు ఇంగ్లీషు విమర్శకులు బోవార్‌ను ఖండించిన చోట, వారు చదివినది ఏ పాఠమో ముందు తేల్చుకోవాలి.

చివరగా నివేదిక రాసేటప్పుడు ప్రతి సంఖ్య పక్కన అది ఏ సూచికలోనిదో, ఏ తేదీన చూసినదో నమోదు చేయాలి, ఎందుకంటే ఒకే గ్రంథానికి ఒక్కో సూచిక ఒక్కో లెక్క చూపుతుంది. “ప్రభావశీలి” అని రాసిన ప్రతిచోటా, ఆ ప్రభావం కనిపించే రచన పేరునూ పుట సంఖ్యనూ ఇవ్వండి. అవి దొరకకపోతే ఆ మాటను కొట్టివేయండి.