లవణ విశ్లేషణ, నాలుగో పాఠం: ఆ తెలుపు ఎక్కడిది?

మూడో పాఠం అభ్యాసంలో ఎక్కువ మంది, లవణం ఏదైనా సరే, సిల్వర్ నైట్రేట్ వేయగానే తెల్లగా కనిపించిందని ‘క్లోరైడ్’ అనే రాశారు. ఈరోజు కాటయాన్లు (లవణంలోని ధనావేశ అయాన్లు) మొదలుపెట్టవలసి ఉన్నా, ఈ పొరపాటుతోనే పరీక్షకు వెళ్తే ఆనయాన్ (రుణావేశ అయాన్) మార్కులు పోతాయి కనుక ముందు దీన్ని సరిదిద్దుకుందాం.

మొదటి కారణం నీళ్లు. అనంతపురం వైపు బోరు నీళ్లలో క్లోరైడ్ కరిగి ఉంటుంది. ఆ నీళ్లతో కడిగి వదిలేసిన టెస్ట్‌ట్యూబులో సిల్వర్ నైట్రేట్ వేస్తే లవణం లేకున్నా తెల్లగా మసకబారుతుంది. చివరిసారి స్వేదనజలంతో (డిస్టిల్డ్ వాటర్‌తో) కడగండి. నేనైతే ప్రతిసారీ స్వేదనజలం మాత్రమే పోసిన ట్యూబునొకదాన్ని పక్కన పెట్టుకుని, రెండింటినీ పోల్చి చూసిన తర్వాతే ఫలితం రాస్తాను.

రెండో కారణం ఆమ్లం. దీన్ని తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మరిచిపోతున్నారు కాబట్టి వివరంగా చెబుతాను. సోడా ఎక్స్‌ట్రాక్ట్, అంటే లవణాన్ని సోడియం కార్బొనేట్ ద్రావణంతో మరిగించి వడకట్టిన ద్రవం, దాని నిండా కార్బొనేట్ ఉంటుంది. దాన్ని ఆమ్లీకృతం చేయకుండా సిల్వర్ నైట్రేట్ వేస్తే సిల్వర్ కార్బొనేట్, సల్ఫేట్ పరీక్షకు వాడే బేరియం క్లోరైడ్ వేస్తే బేరియం కార్బొనేట్ అవక్షేపమవుతాయి (కరగని పొడిగా విడిపోతాయి). అందుకే బుడగలు పూర్తిగా ఆగేవరకు ముందు ఆమ్లం కలపాలి. క్లోరైడ్ పరీక్షకు విలీన (నీళ్లు కలిపి పలుచన చేసిన) నైట్రిక్ ఆమ్లమే వాడాలి; హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే క్లోరైడ్‌ను మన చేత్తో మనమే కలిపినట్టు. సల్ఫేట్ పరీక్షకు విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పనికివస్తుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లం పనికిరాదు.

ఈ తేడాను గుర్తుపెట్టుకోవడానికి కడప రాళ్లు రెండు చాలు. ఇంట్లో పరిచే కడప బండ సున్నపురాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. దాని పొడి మీద విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో తవ్వే ముగ్గురాయి (బెరైటీస్) ప్రధానంగా బేరియం సల్ఫేట్. అదే ఆమ్లానికి అది చలించదు. బేరియం క్లోరైడ్‌తో వచ్చి, ఆమ్లంలో కరగని తెల్లని అవక్షేపాన్నే సల్ఫేట్ అని నమ్మడానికి కారణం ఇదే.

ఇక కాటయాన్లలో ఈరోజుకు అమ్మోనియం ఒక్కటే. అసలు లవణాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేసి, వెలువడే వాయువుకు తడి ఎర్ర లిట్మస్‌ను చూపండి. అది నీలంగా మారాలి. కాటయాన్లను వరుసగా గ్రూపులుగా వేరుచేస్తూ మూడో గ్రూపుకు చేరాక ఈ పరీక్ష చేస్తే అర్థం లేదు, ఎందుకంటే అక్కడ అమ్మోనియం క్లోరైడ్‌ను మనమే కలుపుతాం.

అభ్యాసం: అమ్మోనియం క్లోరైడ్, సోడియం కార్బొనేట్, మెగ్నీషియం సల్ఫేట్‌లను మిత్రుని చేత పేర్లు లేని మూడు ట్యూబులలో వేయించుకోండి. నాలుగోదానిలో బోరు నీళ్లు, ఐదోదానిలో స్వేదనజలం పోయండి. ఐదింటినీ క్లోరైడ్, సల్ఫేట్‌లకు పరీక్షించి, ఏ ఆమ్లాన్ని ఎందుకు వాడారో ప్రతి పరిశీలన పక్కన రాయండి. ఐదో ట్యూబు మసకబారితే మొత్తం మళ్లీ చేయండి.