వకాల్తాలో ఆమె పేరు రాయండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం కోర్టుల్లో పాతుకుపోయిన సీనియర్ వకీళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ ఆ జాబితాలోని దాన్నే. లా చదివిన ఆడపిల్లలు ఇప్పుడు బాగానే వస్తున్నారు. నల్లకోటు కుట్టించుకుని మన చాంబర్లలో చేరుతున్నారు. రెండు మూడేళ్లు తిరిగేసరికి చాలామంది కనిపించరు. "పెళ్లయింది, మానేసింది" అని మనం సరిపెట్టుకుంటాం. పెళ్లయిందని కోర్టు మానేసిన మగ జూనియర్‌ను మాత్రం నేను ఇంతవరకు చూడలేదు. తప్పు పెళ్లిది కాదు, మన చాంబర్లది. దాన్ని దిద్దుకోవడం మన చేతుల్లో పనే.

ఇంకా ఎన్‌రోల్ కాని, అంటే బార్ కౌన్సిల్‌లో వకీలుగా పేరు నమోదు కాని అమ్మాయి వస్తే ముందు ఫీజు సంగతి చెప్పండి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంటు ఫీజుగా 750 రూపాయలకు మించి తీసుకోకూడదు. ఎస్సీ, ఎస్టీలకైతే 125 రూపాయలే. అంతకుముందు వేలకు వేలు కట్టించుకునేవారు. గుమ్మా, సెరంగో వైపు సవర పల్లెల్లో ఆ పాత లెక్కే గుర్తుపెట్టుకుని, కూతుర్ని వకీలుగా చేర్చడానికి అప్పు ఎక్కడ పుడుతుందా అని చూసే తండ్రులు ఉన్నారు. ఒక్క ఫోను చేసి చెప్తే పోయేదేమీ లేదు.

ఇక అసలు పని వకాల్తా, అంటే ఫలానావారు నా వకీలు అని కక్షిదారు సంతకం చేసి కోర్టుకిచ్చే కాగితం. ప్లెయింటు (దావా పత్రం) రాసేది అమ్మాయి, నకళ్ల కోసం కాపీయింగ్ సెక్షను చుట్టూ తిరిగేది అమ్మాయి, హాజిరా (హాజరు కాగితం) వేసేదీ వాయిదా అడిగేదీ అమ్మాయే. వకాల్తాలో మాత్రం సీనియర్ పేరు, దాని కింద ఆయన కొడుకు పేరు. ఇక కోర్టు కాగితాల్లో ఆమె ఎక్కడుంది? కక్షిదారుకు ఆమె ఎవరో తెలియదు. రేపు అతని బావమరిదికి తగాదా వస్తే ఆమె దగ్గరికి పంపడు. కాబట్టి కక్షిదారు చేత సంతకం పెట్టించేటప్పుడే ఆమె పేరు, ఎన్‌రోల్‌మెంటు నంబరు రాయించండి. "ఈవిడ కూడా మీ వకీలే" అని నోటితో కూడా చెప్పండి. సుధాంశుబాల హజ్రా వకీలుగా చేరతానంటే ఆడమనిషివి కనుక కుదరదని 1920ల తొలి ఏళ్లలో పాట్నా హైకోర్టు తోసిపుచ్చింది. అప్పట్లో కటకం ఆ హైకోర్టు కిందే ఉండేది, మన గంజాం వైపు మద్రాసు కింద. 1923లో చట్టం చేసి ఆ అడ్డు తీసేశారు. వకీళ్ల రోల్‌లో ఆడవాళ్ల పేరెక్కి వందేళ్లు దాటింది, వకాల్తా దాకా రావడానికి ఇంకెన్నాళ్లు కావాలి?

కేసుల పంపకం చూడండి. ఆడ జూనియర్ అనగానే మనోవర్తి, విడాకులు, గృహహింస ఫైళ్లు ఆమె బల్ల మీదికి చేరతాయి. అవి చిన్న కేసులని అనను, కానీ వాటిలో ఫీజు తక్కువ, తిప్పలు ఎక్కువ. భూమి దావాలు, సెషన్స్ కేసులు మగపిల్లలకు పోతాయి. ఇక్కడే మన తెలుగమ్మాయిలకు ఒక బలం ఉంది, మనమే వాడుకోవడం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోది. అందుకే ఆస్తి తగాదాల్లో తాతల నాటి తెలుగు దస్తావేజులు ఇప్పటికీ బయటపడుతుంటాయి. గొలుసుకట్టు రాత చదివి, అందులోని సంగతిని ఒడియాలో కోర్టుకు చెప్పగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారు?

నా దగ్గరున్న ఒక అమ్మాయికి పాతపట్నంలో వాళ్ల తాతగారు గొలుసుకట్టు నేర్పారు. ఒక పంపకం దావాలో పాత విభాగపత్రం ముందేసుకుని కూర్చుని, అందులో తూర్పు హద్దుగా రాసిన చెరువు, ప్రతివాది చూపిస్తున్న చెరువు ఒకటి కాదని ఆమే పట్టుకుంది. అవతలి సాక్షిని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేయడానికి ఆమెనే లేవమన్నాను. మొదటి రెండు ప్రశ్నలు గొంతులోనే ఉండిపోయాయి. పేష్కారు (కోర్టు గుమాస్తా) తల ఎత్తి నా వైపు చూశాడు, మీరు లేవరా అన్నట్టు. నేను ఫైలు తిప్పుతూ కూర్చున్నాను. "ఆ చెరువుకు గట్టు ఏ వైపు ఉంది?" అన్న మూడో ప్రశ్నకు సాక్షి నీళ్లు నమిలాడు. ప్రశ్నలన్నీ ముందు రోజే వరుసగా రాయించి, జవాబు ఇలా వస్తే తర్వాతది ఏమిటో కూడా రాయించండి. మధ్యలో మాత్రం మీరు అందుకోకండి. సీనియర్లకు ఇదే అన్నిటికన్నా కష్టమైన పని.

సవర భాష వచ్చిన అమ్మాయి చేరితే ఇంకొక ప్రమాదం ఉంది. కక్షిదారు మాట తర్జుమా చేసి చెప్పడానికి పిలుస్తారు, పని కాగానే వెళ్లి కూర్చోమంటారు. మాట విన్న మనిషే కేసు కూడా నడపనివ్వండి.

డబ్బు గురించి నసగకుండా మాట్లాడుకుందాం. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫారసు చేసింది. అంత ఇచ్చే చాంబర్లు మన ఊళ్లలో అరుదు, నాదీ వాటిలో లేదు. అయినా మొత్తం ఇంత అని ముందే చెప్పి ఒకటో తేదీన ఇవ్వవచ్చు. ఆమె ఒంటిచేత్తో నడిపిన పిటిషన్ ఫీజులో వాటా పంచవచ్చు. బస్సు చార్జీలకు ఉంచమ్మా అంటూ వంద నోటు చేతిలో పెట్టడాన్ని జీతం అనరు. మగ జూనియర్‌కు ఎంత ఇస్తున్నారో ఆమెకూ అంతే, "వాడికి సంసారం ఉంది" అనే వాదన కోర్టులో నిలవదు.

సాయంత్రం చాంబరు రాత్రి తొమ్మిది దాటే దాకా నడవడం మన అలవాటు. కాశీనగరం నుంచో పాతపట్నం నుంచో వచ్చే పిల్లకు ఆఖరి బస్సు అంతదాకా ఆగదు. కక్షిదార్లతో మాట్లాడే పని కోర్టు ముగియగానే పెట్టుకోండి. డ్రాఫ్టులు ఇంటి నుంచి పంపమనండి. చాంబరులో గుమాస్తానో ఇంకొకరో ఉండేలా చూసుకోండి, తలుపు తీసే ఉంచండి. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం 2013 నాటి చట్టం కింద ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసి ఇవ్వాలి. ఆ కమిటీ చిరునామా కనుక్కుని చాంబరు గోడకు అంటించండి. వచ్చే కక్షిదార్లూ చదువుకుంటారు.

పేరు చెప్పను గానీ ఒక కోర్టులో మహిళల మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి ఆఫీసు గదిలో కొక్కేనికి తగిలించేవారు. పదిమంది మగవాళ్ల మధ్య నిలబడి అడిగి తెచ్చుకోవాలి. ఆ మాట అడగలేక పొద్దున్నుంచి నీళ్లు తాగని పిల్లలు నాకు తెలుసు. కోర్టులన్నిటిలో మగవారికి, ఆడవారికి, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరుగా మరుగుదొడ్లు ఉండాలని 2025 జనవరి 15న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం నకలు జతచేసి బార్ అసోసియేషన్ పేరిట జిల్లా జడ్జికి అర్జీ పెట్టండి. ఆడవాళ్ల చేత మాత్రమే సంతకాలు పెట్టించకండి, అధ్యక్షుడి సంతకం పైన ఉండాలి.

అసోసియేషన్ అంటే గుర్తొచ్చింది. ఎన్నికలప్పుడు ఆడవాళ్లకు సాంస్కృతిక కార్యదర్శి పదవి ఇచ్చి చప్పట్లు కొడతారు. సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ కార్యవర్గంలో మూడో వంతు స్థానాలు మహిళలకు ఉంచాలని 2024 మేలో వచ్చిన ఆదేశం, ఆ ఏడాది కోశాధికారి పదవిని కూడా వాళ్లకే కేటాయించింది. చెక్కు మీద సంతకం చేసే పదవి అన్నమాట. మన నియమావళి సవరణకూ అదే నమూనా తీసుకోండి.

ప్రాక్టీసు మూడేళ్లు నిండగానే ఆమె చేత జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీళ్ల ప్యానెల్‌కు దరఖాస్తు పెట్టించండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది కాబట్టి అక్కడ కేసులకు కొదవ ఉండదు, అవి ఆమె సొంత కేసులు. జడ్జి కావాలనుకునే పిల్ల అయితే మరొకటి చూడాలి. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న షరతును 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. ఆ ప్రాక్టీసుకు పదేళ్ల అనుభవమున్న వకీలు ధ్రువపత్రం ఇస్తే, దాన్ని ఆ జిల్లా లేదా ఆ ఊరి ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. అందుకని చేరిన రోజే ఒక డైరీ కొనివ్వండి. కేసు నంబరు, కోర్టు, ఆ రోజు తను చేసిన పని రాసుకోమనండి. నెలకోసారి తెప్పించుకుని చూసి సంతకం పెట్టండి. మూడేళ్ల తర్వాత ధ్రువపత్రం కోసం వచ్చినప్పుడు ఆమెను మీ వరండాలో నిలబెట్టకండి.