ఎండకాలం కిటికీ మొక్కలు, 4వ పాఠం: ముడత పడ్డదంటే దాహమేనా?

పోయిన పాఠంల సక్యులెంట్ల (ఆకులల్ల, కాండంల నీళ్లు దాచుకునే మొక్కలు) గురించి "మన్ను పూర్తిగ ఆరినంకనే నీళ్లు పొయ్యండి" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోయిన. ఆరిందో లేదో ఎట్ల చూడాలెనో చెప్పలేదు. అదే కొంప ముంచింది. హనుమకొండ నుంచి ఒకామె పంపిన ఫొటోల ఎచెవేరియా అనే సక్యులెంట్ కింది ఆకులు ఉడికిన ఉల్లిగడ్డ పొరల లెక్క ఉన్నయి. కాజీపేటాయన "పైన దుమ్ము లేస్తున్నది సార్, అందుకే పోసిన" అన్నడు. పైన దుమ్ము, అడుగున బురద. ఈసారి చెప్తనన్న పిలకల సంగతి వానలు పడ్డంక చూద్దాం.

చీపురు పుల్ల ఒకటి కుండీ అంచు పొంటి అడుగు దాక గుచ్చి, రెండు నిమిషాలాగి తియ్యండి. కొసకు మన్ను అంటుకున్నా, పెదవికి ఆనిస్తే చల్లగ తగిలినా తడి ఉన్నట్టే. నేనైతే పుల్ల కూడ వాడ, కుండీని ఒంటిచేత్తో లేపి చూస్త. మీకు ఆ అంచనా ఇంక రాలేదు, పుల్లే వాడండి.

ఇగ నాకు ఒళ్లు మండే సంగతి. ఆకు ముడత పడంగనే మగ్గు పట్టుకొని ఉరుకుతరు! మన్ను ఎండితే ముడత వస్తది, నిజమే. వేరు కుళ్లినా అదే ముడత వస్తది. కుళ్లిన వేరు నీళ్లు గుంజలేదు, అడుగున ఎంత తడి ఉన్నా ఆకు ఎండుతనే ఉంటది. మీరు ఇంకో మగ్గు పోస్తె మిగిలిన నాలుగు వేర్లు కూడ పోతయి. తేడా చేతివేళ్లకు తెలుస్తది. దాహమైన ఆకు పల్చగైతది, వంచితే రబ్బరు లెక్క వంగుతది, ఊడదు. కుళ్లు పట్టిన మొక్కకు కింది ఆకులు పసుపెక్కి, అవతలి వెలుతురు కనపడేటట్టు మెత్తబడి, తాకితే చేతిలకొస్తయి. అట్లయితే కాండాన్ని గోధుమ రంగు మచ్చ లేని కాడికి కోసి, నీడల నాలుగైదు రోజులు ఆరబెట్టి, పొడి మన్ను మీద కూసోబెట్టండి. వేర్లు వచ్చేదాక చుక్క నీళ్లు పొయ్యొద్దు.

అసలు మే నెలల ఇవి ఎందుకు తాగవంటే, ఈ సక్యులెంట్ జాతి మొక్కలు పగలు ఆకు రంధ్రాలు మూసుకొని రాత్రి చల్లబడ్డంక తెరుస్తయి. మన దగ్గర రోహిణి కార్తెల అర్ధరాత్రి కూడ గోడ సెగ కక్కుతది. దాంతోని ఎచెవేరియా, హవర్తియా పెరుగుడు ఆపి నిద్రపోతయి. అడీనియం (ఎడారి గులాబి) లెక్క వేరే, ఎండల ఉంటే అది మస్తు తాగుతది. రెండిటినీ ఒకే రోజు, ఒకే మగ్గుతోని తడపకండి.

కూలర్ ముందట మాత్రం పెట్టొద్దు. మనకు హాయి అనిపించే ఆ తడిగాలికి మన్ను ఆరదు. ఒక ఎండకాలం నా జేడ్ మొక్క అట్లనే మొదలు కాడ మెత్తబడి ఒరిగిపోయింది. సీలింగ్ ఫ్యాన్ గాలి మంచిది. పడమటి కిటికీకి పల్చటి పరదా, అంతే. స్లాబు మీది టాంకీ నీళ్లు సాయంత్రం ఆరింటికి కూడ చెయ్యి కాలుస్తయి. బిందెల పట్టి పెట్టి, రాత్రి తొమ్మిదింటికి అడుగు నుంచి కారేదాక పొయ్యండి. కింది పళ్లెంల నిలిచినయి పారబొయ్యండి.

నల్లరేగడిల నాటినోళ్లు ఇప్పుడు కదపకండి. ఎండలు తగ్గినంక చెలక మన్ను, దొడ్డు ఇసుక, ఇటుక ముక్కలల్లకు మార్చుదాం.

అభ్యాసం: ఒక మట్టి కుండీ, ఒక ప్లాస్టిక్ కుండీ తీసుకోండి. నీళ్లు పోసి, కారుడు ఆగినంక వంటింటి కాటా మీద తూచండి. రోజూ రాత్రి అదే టైముకు తూకం రాసుకోండి. రెండు రాత్రులు వరుసగ తూకం ఇంచుమించు తగ్గకపోతే ఆ కుండీ ఆరినట్టు. ఆరనీకి ఎన్ని రోజులు పట్టిందో అదే ఆ కుండీ లెక్క, పక్కింటోళ్ల కుండీకి పనికిరాదు. ఈ రెండు లెక్కలు రాసుకోనోళ్లు 5వ పాఠం తెరవకండి. కాటా లేకుంటే కుండీ సంకల పెట్టుకొని కిరాణం దుకాణానికి పోండి. నేను పోయిన, ఆయన నవ్విండు గని తూచిండు.